కాగితం వేరు, కాపురం వేరు

మన కమ్యూనిటీ పెద్ద దిక్కును కోల్పోయిందని ఈమధ్య ఒక మంగళవారం పొద్దున వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నిస్వార్థ సేవకుడని ఒకరు, అజాతశత్రువని ఇంకొకరు, ఆయన లేని ఏప్రిల్ నెలను ఊహించుకోలేమని మరొకరు రాశారు. ఆ చివరి మాట ఒక్కటే నిజం. నేను ఫోను బోర్లా పెట్టి ఇడ్లీ పిండి కలుపుకున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. ఆయన గురించి చెప్పదగ్గ మంచంతా ఆయనే బతికుండగా చెప్పేసుకున్నాడు కాబట్టి, మిగిలింది నేను చెబుతాను.

పేరు రాయను. రాస్తే ఆయన కూతురు నొచ్చుకుంటుంది. మిగతా పేర్లు కూడా మార్చాను. ఆ పిల్ల ఇప్పటికే చాలా పడింది.

కెనడాలో, టొరంటో పక్కన స్కార్‌బరోలో మావి జంట ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. పొద్దున్నే ఆ గోడ అవతల, మేడమీద బాత్రూంలో, ఆయన గొంతు సవరించుకోవడం మొదలయ్యేది. మామూలు సవరింపు కాదది, సభ ప్రారంభించబోయే అధ్యక్షుడి సవరింపు. దాని పుణ్యమా అని మా అబ్బాయి అలారం పెట్టుకోవడం మానేశాడు.

ఎవరింటికి వెళ్ళినా ఆయన చలికోటు విప్పేవాడు కాదు. "వెళ్ళిపోవాలి చెల్లెమ్మా, మార్కమ్‌లో ఇద్దరు వెయిట్ చేస్తున్నారు" అనేవాడు. జిప్పు మాత్రం సగం దాకా కిందికి లాగేవాడు. ఆ సగం జిప్పుతోనే రెండు టీలు, పళ్ళెం పకోడీలు, ఆపైన పెరుగన్నం దాకా సాగేది. మార్కమ్‌లో ఎదురుచూస్తున్న ఆ ఇద్దరూ ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఆడవాళ్ళందరూ ఆయనకి చెల్లెమ్మలు, మగవాళ్ళందరూ బావగార్లు. ఆ లెక్కన ఈ ఊళ్ళో తెలుగు మగవాళ్ళంతా ఆయన చెల్లెళ్ళను చేసుకున్నవాళ్ళే.

మార్చి వచ్చిందంటే ఆయన సీజను. ఏప్రిల్ ఆఖరుకల్లా అందరి పన్నుల రిటర్న్‌లూ ఆయనే వేసిపెట్టేవాడు. మా వంటింటి బల్ల పెద్దదని శనివారాలు మా ఇంట్లోనే కొలువు. ఈ దేశంలో మొగుడూ పెళ్ళాం ఎవరి రిటర్న్ వాళ్ళే వేసుకోవాలి. కానీ పెళ్ళయి కలిసి ఉన్నారా, విడిపోయారా అన్నది మాత్రం చెప్పాలి. ఎందుకంటే పిల్లల పోషణకని ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బును ఇద్దరి సంపాదనా కలిపి చూసి నిర్ణయిస్తారు. ఒక్కరి సంపాదనే కనిపిస్తే ఎక్కువ ఇస్తారు. ఆయన పాండిత్యమంతా ఈ చివరి వాక్యంలోనే ఉంది.

ఒకసారి కొత్తగా వచ్చిన జంట మా బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ అమ్మాయి ఒళ్ళో నెలల పిల్ల. ఆయన లాప్‌టాప్‌లో 'సెపరేటెడ్' అన్నచోట నొక్కుతుంటే ఆ అమ్మాయి బిక్కమొహం వేసింది.

"మేం విడిపోలేదు కదా అంకుల్?"

"విడిపోయారని ఎవరన్నారమ్మా? కాగితం వేరు, కాపురం వేరు."

"అలా రాసుకోవడం అశుభం కదా?"

"అశుభం తెలుగులో రాస్తేనే తల్లీ. ఇంగ్లీషులో రాస్తే తగలదు."

ఆ కుర్రాడు పకపకా నవ్వాడు. మావారు కూడా నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. పిల్లను ఇంకో భుజం మీదకి మార్చుకుని కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చుంది.

పని చేసిపెట్టినందుకు ఆయన పైసా పుచ్చుకునేవాడు కాదు. దాన్నే అందరూ సేవ అన్నారు. డబ్బు తీసుకుని చేస్తే రిటర్న్ మీద ఎవరు వేశారో రాయాలి. పేరు రాస్తే రేపు తేడా వచ్చినప్పుడు పిలిచి అడుగుతారు. మామిడిపళ్ళ పెట్టె మీద ఎవరి పేరూ ఉండదు కదా. జూన్‌లో ఆయన వాకిట్లో ఆ పెట్టెలు నడుం ఎత్తున ఉండేవి.

అసలు వృత్తి కేటరింగ్. పెళ్ళిళ్ళకీ బారసాలలకీ వంటలు పంపేవాడు. వండేవాళ్ళు వేరే ఉండేవారు. ఆయన గరిటె పట్టుకుని ఫొటో దిగేవాడు. ప్రతి బిల్లు మీదా పన్ను వేసి వసూలు చేసేవాడు. ఆ పన్ను ప్రభుత్వానికి చేరాలి కదా, ఆయన దగ్గరే ఆగిపోయేది. మావారు ఒకసారి ఉండబట్టలేక అడిగితే "రొటేషన్‌లో ఉంది బావగారూ" అన్నాడు. ఆ రొటేషన్‌లో ఒక పెద్ద కారు వచ్చింది. ఇండియాలో ఒక స్థలం వచ్చింది. కట్టాల్సిన పన్ను మీద వడ్డీ కూడా వచ్చింది.

ఆయన భార్య పద్మజ మెడికల్ లాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం చేసేది. తెల్లారగట్ల బస్సెక్కి వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేది. ఆమె సూది గుచ్చితే చంటిపిల్లలు కూడా ఏడవరని పేరు. మాటలో తొందర లేదు, నడకలో తొందర లేదు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఆమె కూర గిన్నె మూత తీసి చూస్తూనో, కూతురు మేఘన జుట్టు దువ్వుతూనో ఉండేది.

ఆమె పుట్టినరోజుకి ఆయన హాలు నిండా జనాన్ని పిలిచాడు. కేకు కోయగానే గొంతు సవరించుకున్నాడు. "నా జీవితంలో నేను సంపాదించిందేమన్నా ఉంటే ఈ ఇల్లే. ఇందులో నా సగం వాటా ఇవాళ్టి నుంచి నా పద్మది. కాగితాలు కూడా అయిపోయాయి" అని ఒక కవరు ఆమె చేతిలో పెట్టాడు. చప్పట్లు మోగిపోయాయి. నా పక్కనున్నావిడ తన మొగుడి డొక్కలో పొడిచి "చూసి నేర్చుకోండి" అంది. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పన్ను కట్టమంటూ వచ్చిన నోటీసులు అప్పటికే ఆయన కారు డిక్కీలో ఉన్నాయని ఆ హాల్లో ఎవరికీ తెలియదు. పద్మజకి అసలే తెలియదు. ఆమె ఆ కవరును ఫ్రిజ్ మీద పెట్టి అందరికీ కేకు పంచింది.

ఆ ఏప్రిల్‌లోనే ఆమె రిటర్న్ మీద కూడా సెపరేటెడ్ అని పడింది. "వ్యాపారంలో నాకు కాస్త బాకీలున్నాయి పద్మా. అవి నీ మీద పడకూడదు. నేనేమైపోయినా ఫరవాలేదు, నువ్వూ పిల్లా చల్లగా ఉండాలి" అన్నాడట. విడిపోయి ఆస్తి పంచుకున్నామని ఒక ఒప్పందం కూడా టైపు చేయించి తెచ్చాడు. ఆమె డ్యూటీకి బయల్దేరుతూ, చెప్పులేసుకుంటూ సంతకం పెట్టింది. బేస్‌మెంట్‌లో ఒక మడతమంచం వేసి, అదే తన వేరు కాపురమన్నాడు. ఆ మంచం మీద కేటరింగ్ ఉల్లిపాయల బస్తాలు ఉండేవి. ఆయన మాత్రం ఎప్పట్లాగే మేడమీద పడుకుని, ఎప్పట్లాగే పొద్దున్నే మావాణ్ణి నిద్ర లేపేవాడు. భర్త లేని తల్లికని ఎక్కువ చేసి ఇచ్చిన డబ్బు నెలనెలా ఖాతాలో పడేది. పడిన మర్నాటికి ఆయన తీసేసుకునేవాడు.

ఇలా మూడేళ్ళు నడిచాక పద్మజకి పన్ను ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు నిజంగా వేరుగా ఉంటున్నట్టు రుజువులు చూపండి, పక్కింటివాళ్ళ చేతా తెలిసినవాళ్ళ చేతా రాయించి పంపండి అని. ఆ వెనకే ఇంకోటి వచ్చింది. పన్ను బాకీ ఉన్న మనిషి తన సగం ఇల్లు మీకు ఊరికే ఇచ్చాడు కాబట్టి, ఆ మేరకు బాకీ మీరెందుకు కట్టకూడదో చెప్పండి అని.

ఆ ఆదివారం ఆయన మా ఇంటికొచ్చాడు. జిప్పు సగానికి లాగి, టైపు చేసిన కాగితం ఒకటి నా ముందు పెట్టాడు.

"చిన్న సంతకం చెల్లెమ్మా. నీళ్ళు తాగినంత పని."

చదివాను. పై వ్యక్తి కొంతకాలంగా బేస్‌మెంట్‌లో వేరుగా నివసిస్తున్నారనీ, భార్యతో ఆయనకి ఎలాంటి సంబంధమూ లేదనీ పక్కింటిదాన్నిగా నేను ధ్రువీకరిస్తున్నానట.

"అన్నయ్యగారూ, మీరు మేడమీద గొంతు సవరించుకుంటేనే కదా మావాడు నిద్ర లేచేది" అన్నాను.

ఆయన హాయిగా నవ్వాడు. "అది గొంతు చెల్లెమ్మా. గొంతుకి అడ్రస్ ఉండదు."

మావారు పక్కనుంచి "పోనీ పెట్టేద్దూ, ఇరుగుపొరుగువాళ్ళం" అని నసిగారు. మావారికి ఎవరిని చూసినా మొహమాటమే.

"పద్మజతో చెప్పే వచ్చారా?" అని అడిగాను.

"దానికేం తెలుసు? రక్తం తీసుకునే మనిషి. ఈ లెక్కలన్నీ దానికి చెబితే కళ్ళు తిరుగుతాయి."

ఇంటికి జీతం తెచ్చేదీ, ఉత్తరాలు అందుకున్నదీ, రేపు బాకీ కట్టాల్సిందీ ఆ మనిషే. ఆ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నాడంటే, అంటూనే పకోడీ అందుకున్నాడు. నేను కాగితం మడిచి ఆయన వైపు నెట్టాను.

"నేను పెట్టనండీ. మావారు కూడా పెట్టరు."

పకోడీ సగం కొరికినది పళ్ళెంలో పెట్టాడు. "సరే. ఆ ఇల్లు పోతే ఆడకూతురి ఉసురు ఎవరికి తగులుతుందో మీరే చూసుకోండి" అని లేచి, జిప్పు మెడదాకా లాక్కున్నాడు. ఆయన జిప్పు పూర్తిగా లాక్కోగా చూడటం నాకు అదే మొదలు.

వారం తిరక్కుండానే పద్మజ వచ్చింది, మధ్యాహ్నం, లాబ్ బట్టలతోనే. టీ ఇస్తే చేతిలోనే పట్టుకుని కూర్చుంది. ఉచితంగా సలహా చెప్పే ఒక లీగల్ క్లినిక్‌కి తనే వెతుక్కుంటూ వెళ్ళొచ్చానంది.

"లాయరమ్మ చెప్పింది అక్కా. మొగుడికి పన్ను బాకీ ఉన్నంత మాత్రాన ఈ దేశంలో పెళ్ళాన్ని అడగరంట. నేను మారీడ్ అనే పెట్టుకున్నా నా జోలికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదంట. బాకీ పెట్టుకుని ఇల్లు నా పేరు మీదకి మార్చాడు చూడు, దాని వెనకాలే బాకీ కూడా నా దగ్గరికి నడిచొచ్చింది."

"మరి సెపరేటెడ్ అని ఎందుకు పెట్టించినట్టు?"

"పిల్ల డబ్బు ఎక్కువ రావడానికి. ఇంకోటి కూడా ఉంది. నిజంగా విడిపోయి, పంపకంలో ఇల్లు ఇచ్చినట్టయితే వాళ్ళు అడగడానికి లేదంట. అందుకే ఆ ఒప్పందం." టీ కప్పు బల్ల మీద పెట్టింది. "అంటే ఇప్పుడు ఆయన అబద్ధం మీద నిలబడితే ఇల్లుంటుంది. నిజం చెబితే సగం ఇల్లు పోతుంది. పిల్ల డబ్బు తీసుకున్నదంతా తిరిగి కట్టాలి."

ఇల్లంటే మాటలా? ఈ ఊళ్ళో పోయిన ఇల్లు మళ్ళీ కొనుక్కోవడం ఆమె జీతంతో అయ్యే పని కాదు.

"మొదటిసారి రిటర్న్‌లో సెపరేటెడ్ అని పెట్టాల్సొచ్చినప్పుడు బాత్రూంలో కూర్చుని ఏడ్చానక్కా" అంది. "ఆయన బయట నుంచి తలుపు కొట్టాడు. ఎందుకేడుస్తున్నావ్ అని అడుగుతాడేమో అనుకున్నా. తొందరగా కానీ, పేజీ టైమవుట్ అయిపోతోంది అన్నాడు."

చెబుతూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"ఏం చేద్దామనుకుంటున్నావు?"

"నువ్వు పెట్టనన్నాక మేఘనని అడిగాడు. డాడీ కిందే పడుకుంటాడు, అమ్మతో మాట్లాడడు అని రాసివ్వమన్నాడు. చిన్నపిల్ల రాస్తే నమ్ముతారంట. అది నా దగ్గరికొచ్చి, 'మామ్, డు ఐ హావ్ టు లై ఇన్ మై ఓన్ హ్యాండ్‌రైటింగ్?' అని అడిగింది." చల్లారిన టీ పక్కకి జరిపింది. "పదమూడేళ్ళ పిల్ల అక్కా. ఇల్లు పోతే పోనీ."

తర్వాతి వారమే ఆమె నిజం రాసి పంపింది. విడిపోలేదు, ఒకే కప్పు కింద ఒకే కాపురం చేస్తున్నాం, ఆ ఒప్పందం ఉత్తిదే అని.

ఆ సాయంత్రం గోడ అవతల నుంచి వచ్చిన కేకలు ఇక్కడ రాయను. "నా పెళ్ళామే నన్ను గవర్నమెంటుకి అమ్మేసింది" అన్న మాట మాత్రం ఆయన తర్వాత కనిపించిన ప్రతివాడితోనూ అన్నాడు. గుళ్ళో అన్నాడు, కిరాణా కొట్లో అన్నాడు, ఇంకొకరి గృహప్రవేశంలో భోజనాల బంతిలో అన్నాడు. జనం నమ్మారు. నమ్మడం వాళ్ళకి అవసరం కూడా, ఎందుకంటే వాళ్ళలో సగం మంది ఇళ్ళలో ఆయన వేసిన రిటర్న్‌లే ఉన్నాయి. ఆడవాళ్ళు పద్మజని వరలక్ష్మీ వ్రతాలకి పిలవడం మానేశారు. పుట్టినరోజునాడు మొగుడి డొక్కలో పొడిచినావిడే మొదట మానేసింది. "ఎంతైనా కట్టుకున్నవాణ్ణి అలా పట్టిస్తారా?" అని నన్నే అడిగింది. కట్టుకున్నదాన్ని లెక్కల్లోంచి కొట్టేసినవాడి సంగతి ఆవిడకి పట్టలేదు.

ఇల్లు అమ్మేశారు. సగం వాటా బాకీకి పోయింది. మిగిలిన దాంట్లోంచి పిల్ల డబ్బు తిరిగి కట్టడం మొదలుపెట్టి, పద్మజ లాబ్‌కి దగ్గరగా ఒక అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుంది. సామాను ఎక్కించే రోజున ఆయన వాకిట్లో నిలబడి, ఫ్రిజ్‌ని ఎలా వంచి పట్టుకోవాలో లారీవాళ్ళకి సలహాలిస్తున్నాడు. అన్నీ ఎక్కించాక ఆమె దగ్గరికొచ్చాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"నా గది ఎటువైపు?" అన్నాడు.

"మీకు గది లేదు" అంది పద్మజ.

"అంటే? నిజంగానే సెపరేటెడ్ అంటావా?"

"మీరు ఎప్పుడో అన్నారు. నాకే వినపడ్డానికి టైం పట్టింది."

అంత మెల్లగా అంది. ఆయన మా వైపు తిరిగి, "చూశారా బావగారూ, ఎంత మాట అందో" అన్నాడు. మొహమాటానికి పుట్టిన మా ఆయన ఆ రోజు తల తిప్పుకుని, పద్మజ చేతిలోని తులసి కుండీ అందుకుని కార్లో పెట్టారు. మా ఆయన మీద నాకు గౌరవం కలిగిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

ఇంతటితో ఆ మనిషికి బుద్ధొచ్చిందని రాయగలిగితే బాగుండేది. రాలేదు. మూడు గంటల దూరంలో సార్నియా అనే ఊళ్ళో కాలేజీకి మన పిల్లలు గుంపులుగా వస్తున్నారని విని అక్కడికి మకాం మార్చాడు. ఆ ఊళ్ళో బస్సులు తక్కువ. ఆయనకి కారుంది. బియ్యం బస్తా కోసం మంచులో నడిచే పిల్లలకి కారున్న అంకుల్ దేవుడిలా కనిపిస్తాడు. వాళ్ళని కొట్టుకి తీసుకెళ్ళేవాడు, కొత్త పెళ్ళాంతో వచ్చినవాళ్ళకి కాపురం ఎలా చేయాలో చెప్పేవాడు, ఏప్రిల్‌లో రిటర్న్‌లు వేసేవాడు. రెండేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో నాకు కనిపించి, "ఎలా ఉన్నారు చెల్లెమ్మా, అక్కడందరూ నన్ను మిస్ అవుతున్నారా?" అని అడిగాడు. పద్మజ ఎలా ఉందని అడగలేదు. మేఘన ఏం చదువుతోందని కూడా అడగలేదు. గుండెపోటుతో పోయాడని ఇప్పుడు తెలిసింది. నొప్పి వస్తే గ్యాస్ అని తనే నిర్ణయించుకుని వాము నీళ్ళు తాగాడట. సలహాలు ఎవరి దగ్గరా తీసుకునే మనిషి కాదు కదా.

సంతాప సభ స్కార్‌బరోలోనే పెట్టారు. పద్మజ కూతురి కోసం వచ్చింది. నేను పద్మజ కోసం వెళ్ళాను. దండ వేసిన ఫొటోలో ఆయన గరిటె పట్టుకుని ఉన్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన చేసిన సేవలు చెప్పారు. సార్నియా నుంచి వచ్చిన ఒక కుర్రాడు నిజంగానే ఏడ్చాడు. వాణ్ణి నేనేమీ అనను, వాడికి చలిలో కారు దొరికింది. చివర్లో సభ నడిపే పెద్దమనిషి, పాత గొడవ మర్చిపోయాడో, లేక ఆయనకి తెలియనే తెలియదో, "ఇప్పుడు వారి శ్రీమతిగారు రెండు మాటలు మాట్లాడతారు" అనేశాడు.

మేఘన తల్లి చెయ్యి పట్టుకుని ఆపబోయింది. పద్మజ లేచి వెళ్ళి, మైకుని తన ఎత్తుకి దించుకుంది.

"మా అమ్మాయికి నాన్న లేకుండా పోయాడు. అందుకు నాకూ బాధగానే ఉంది" అంది. "ఒక్క విషయం చెప్పి కూర్చుంటాను. ఆయన మాట విని, కలిసి ఉంటూ కూడా సెపరేటెడ్ అని పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీ అంతట మీరే వెళ్ళి సరిచేసుకోండి. పన్నులవాళ్ళు అడిగేదాకా ఆగొద్దు. డబ్బు తిరిగి కట్టాల్సొస్తుంది. కొంచెం కొంచెంగా కట్టనిస్తారు. నేను అలాగే కట్టాను. ఇప్పుడు నాకు బాకీ లేదు."

సభ నడిపే ఆయన కంగారుగా మైకు అందుకుని భోజనాలు సిద్ధంగా ఉన్నాయన్నాడు. మగవాళ్ళందరూ ఒక్కసారిగా లేచి పళ్ళేల వైపు నడిచారు. అంత ఆకలి వాళ్ళకి ఎక్కడి నుంచి వచ్చిందో.

మేం ముగ్గురం ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నాం. పద్మజ రెండు ముద్దలు తిన్నదో లేదో, చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. సార్నియా నుంచి వచ్చామంది.

"ఆంటీ, మా ఆయనకి తెలీకుండా ఒకటి అడగొచ్చా?"

ఆ అమ్మాయి వెనక ఇంకో అమ్మాయి ఉంది. ఆ వెనక, పళ్ళెం పట్టుకుని, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ, డొక్కలో పొడిచినావిడ కూడా నిలబడింది. అవతల తలుపు దగ్గర నుంచి ఒక కుర్రాడు, "ఏమోయ్, రా, హైవే ఎక్కాలి. చీకటి పడితే మంచు పడుతుంది" అని కేకేశాడు.

పద్మజ చెయ్యి తుడుచుకుని అతని వైపు చూసింది.

"మీరెళ్ళి కారు వేడి చేసుకోండి బాబూ. ఈ అమ్మాయికి కాస్త టైం పడుతుంది" అంది. నా వైపు తిరిగి, "అక్కా, ఆ కుర్చీలు ఇటు లాగవా" అంది.